ఫారినక్క తల్లిగారిల్లు

నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆటోలో ఎక్కిస్తే ఇంకా నలుగురికి జాగా మిగులుతుంది. నేను బడి మానేసిన రోజు మా సారు కూడా పెద్దగా బాధపడలేదు. బెంచీ ఖాళీ అయిందని వెనక నిలబడ్డవాణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు. కానీ శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో ఆటో నడిపేవాడికి "ఎయిర్‌పోర్ట్, మేడమ్?" అనే రెండు మాటలు వస్తే చాలు, డిగ్రీ చదివినంత గౌరవం. ఆ రెండు మాటలూ నేను చాలా బాగా పలికేవాణ్ణి. అంత బాగా పలికినందువల్లే, బజార్లో చేపలు కొనుక్కుని ఇంటికి పోతున్న ఒక మనిషిని విమానం ఎక్కించబోయాను.

మొన్న ఆ చేపల బజారుకే పోతే, చేపలు కోసే ఆమె కత్తిపీట మీది నుంచి తలెత్తకుండానే అడిగింది: "ఏం తమ్మి, మీ ఫారినక్క కనిపిస్తనే లేదు? మంచిగున్నదా?"

మంచిగనే ఉందని చెప్పాను. చెప్పి, తీసుకున్న చేపలు అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాను. ఇంట్లో పడాల్సిన తిట్లు పడ్డాయి. ఇదంతా ఆ తిట్లు వింటూ గుర్తు చేసుకున్నదే.

ఎయిర్‌పోర్టు తెరిచి ఏడాది దాటి ఉంటుంది. బస్‌స్టాపు దగ్గర ఎండలో నిలబడి ఉంది ఆమె. గుండ్రటి ముఖం, చిన్న కళ్లు, నూనె రాయకున్నా మెరిసే జుట్టు. కట్టుకున్న కాటన్ చీర కాళ్లకు జానెడు పైనే ఆగిపోయింది. చేతిలో జిప్పు బ్యాగు. మా ఊళ్లో విదేశీ ముఖం, జిప్పు బ్యాగు ఒకేచోట కనిపిస్తే దానికి ఒకటే అర్థం: పాపం, విమానం తప్పిపోతోంది. బస్సు కండక్టరు బస్సాపి మరీ చెయ్యి చూపిస్తాడు. పల్లీలమ్మేవాడు పొట్లం కట్టడం ఆపి దారి చెబుతాడు. మేమంతా మంచివాళ్లం. ఆమెకు మాతో వచ్చిన చిక్కే అది.

"ఎయిర్‌పోర్ట్, మేడమ్?" అన్నాను.

ఆమె పెదాలు ముందుకు చాపి ఎదురు దిక్కుకు చూపించింది. దాహమేమో అనుకున్నాను. దాహం ఎయిర్‌పోర్టులో తీర్చుకోవచ్చులే అని బ్యాగు లాక్కుని ఆటోలో పెట్టాను. దారంతా వెనక నుంచి ఏదో అరుస్తూనే ఉంది. ఆలస్యమైందని అరుస్తోందనుకుని ఇంకా జోరుగా తోలాను. ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర ఆమె ముందుకు వంగి, బ్యాగు జిప్పు తీసి నా ముక్కు కింద పెట్టింది. లోపలి నుంచి ఒక రవ్వ చేప నా వైపు చూస్తోంది.

"ఫ్లైటు కాదు," అందామె. "పులుసు."

ఆమె నోట నేను విన్న మొదటి తెలుగు మాటలు అవే. ఆటో తిప్పి, వాళ్ల ఊరిదాకా దిగబెట్టి వచ్చాను. శంషాబాద్‌కు ఆనుకునే ఉంటుంది ఆ ఊరు. ఆ ఇంటి కోడలే ఆమె.

ఆమెది ఫిలిప్పీన్స్. పెనిమిటి మా దగ్గరివాడే. గల్ఫ్‌లో ఒక షేకు ఇంట్లో ఆయన డ్రైవరు, ఆమె ఆ ఇంటి ముసలావిడను చూసుకునే మనిషి. ఇద్దరికీ తిట్లు పెట్టే నోరు ఒకటే కాబట్టి, తిరిగి తిట్టుకోవడానికి ఒకరికొకరు తోడయ్యారు. అక్కణ్ణుంచి పెళ్లిదాకా వచ్చింది. వచ్చేటప్పుడు ఆయన బంగారం తెస్తాడని ఊరంతా ఎదురుచూసింది. ఈమెను తెచ్చాడు. మెడలో పుస్తెల తాడు, దాని పక్కనే చిన్న సిలువ.

తెలుగు ఆమెకు అత్త నేర్పింది. నేర్పిందంటే, పిలిచి కూర్చోబెట్టి కాదు. పని చెబుతూ, తిడుతూ. అందుకే ఆమె తెలుగులో అన్నీ ఆజ్ఞలే. మర్యాదకు అనే 'మీరు' లేదు. బ్యాంకు మేనేజరును "జల్ది రాయి" అంది. పోలీసాయన లైసెన్సు కోసం నా ఆటో ఆపితే, "ఎండల నిలవడకు, కూసో" అని ఆయనకే చెప్పింది. ఆయన కూర్చున్నాడు కూడా. ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే అత్త గంజి గిన్నె ముందు పెట్టి, "మంచిగ తిను, లేకుంటె సస్తవ్" అందట. ఎవరినైనా ప్రేమగా దీవించే మాట అదేననుకుంది. ఆ తర్వాత నా ఆటో దిగిన ప్రతిసారీ నాకదే దీవెన. విని విని నాకూ అలవాటైంది. అది వినని రోజు ఏదో లోటుగా ఉండేది.

ఔను అనడానికి నోరు తెరిచేది కాదు, కనుబొమ్మలు ఎగరేసేది. ఛాయ్ కొట్టు దగ్గర "చక్కెర ఎయ్యాల్నా?" అని అడిగితే కనుబొమ్మలు ఎగిరేవి. ఆయన, వినబడలేదేమోనని, గొంతు పెంచి మళ్లీ అడిగేవాడు. మళ్లీ ఎగిరేవి. చివరికి బస్‌స్టాపు మొత్తానికి వినబడేలా చక్కెర గురించి అరిచి, ఆమెకు చక్కెర లేని ఛాయ్ ఇచ్చేవాడు.

అది నవ్వుకునే సంగతి. పెదాలతో దారి చూపించడం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. వాళ్ల దేశంలో దిక్కు చూపాలంటే వేలు కాదు, మూతి చాపుతారట. మన దగ్గర అత్తగారింట్లో కోడలు మూతి కదిపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నీళ్లెక్కడున్నాయని అడిగితే మూతి తిప్పింది, పెద్దమ్మ ఎటుపోయిందంటే మూతి తిప్పింది అని ఊళ్లో ఆడవాళ్లంతా లెక్క వేసుకుంటూనే ఉన్నారు. పెనిమిటికి ఆ అలవాటు సంగతి ముందే తెలుసు. ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆయన మంచివాడే గానీ, నలుగురిలో పెళ్లాం తరఫున నోరు విప్పాలంటే గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టు చూసేవాడు.

ఒకసారి నా ఆటోలో పోతూ అడిగింది: "తమ్మి, బస్‌స్టాపు కాడ అందరు నన్ను పంపుడే. జర ఉండు అనేటోడు ఒక్కడు లేడేంది?"

"పేరుకు ఎయిర్‌పోర్టు ఊరు గదా అక్కా. పంపుడే మా పని," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఇక్కడ మా ఆటో స్టాండు పద్ధతి ఒకటి చెప్పాలి. మా అందరిలో పెద్దవాడు చాచా. శంషాబాద్‌లో పాత ముస్లిం కుటుంబం వాళ్లది. ఊళ్లో ఎవరి కోడలు ఎవరో, ఏ ఇంట్లో ఏ గొడవో ఆయనకు తెలియంది లేదు. కళ్లు ఉబ్బి, చేతిలో సంచితో ఒక ఆడమనిషి వచ్చి తల్లిగారింటికి పోవాలి అందంటే, ఆ కేసు చాచాదే. మేము జోక్యం చేసుకోకూడదు. ఆయన ఆమెను మర్యాదగా ఆటోలో కూర్చోబెడతాడు. హ్యాండిల్ గుంజుతాడు. ఆటో స్టార్టు కాదు. మళ్లీ గుంజుతాడు. ఊహూ.

"బేటీ, బండి ఖరాబైంది. జర కూసో, ఛాయ్ తాగు," అని, రేకు డబ్బా తెరిచి పానా తీసి, ఏమీ కాని ఇంజనును విప్పడం మొదలుపెడతాడు. ఈలోపు మాలో ఒకడు ఆ ఇంటికి కబురు మోస్తాడు. మొగుడో మామో బండేసుకుని వస్తాడు. "గిది సంసారం బేటీ, అల్లా మాలిక్ హై, ఇంటికి పో" అని చాచా నాలుగు మాటలు చెబుతాడు. ఆమె దిగి వాళ్ల వెంట పోతుంది. ఆ వెంటనే ఆటో స్టార్టవుతుంది. ఈ నాటకం ఊళ్లో అందరికీ తెలుసు. అలిగి వచ్చే ఆడవాళ్లకూ తెలుసు. తెలిసే ఆ ఆటోలో ఎక్కుతారని నా అనుమానం.

వానలు మొదలైన కొత్తలో, ఒక మధ్యాహ్నం, మా ఫారినక్క స్టాండుకు వచ్చింది. అదే జిప్పు బ్యాగు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాళ్లకు చూస్తే అత్త చెప్పులు. కోపంలో ఏవి దొరికితే అవి వేసుకుని వచ్చినట్టుంది.

ఒక్కడు కూడా పానా తియ్యలేదు.

"ఎయిర్‌పోర్టా అక్కా? పోతున్నవా?" అన్నాడొకడు. "మల్ల ఎప్పుడొస్తవ్?" అన్నాడింకొకడు. చాచా అయితే దగ్గరికొచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. "జా బేటీ. మీ అమ్మను అడిగినమని చెప్పు," అన్నాడు. అందరం కలిసి ఆమె బ్యాగు నా ఆటోలో పెట్టాం. హ్యాండిల్ గుంజాను. ఒక్క గుంజుడుకే స్టార్టయింది.

దారిలో నేను రెండు జోకులు వేశాను, రెండూ రోడ్డు మీద పడిపోయాయి. మలుపు దగ్గరికి వస్తుండగా అంది:

"తమ్మి. నిన్న ఉల్లిగడ్డలు కొంటుంటె చూసిన. ఎర్రచీర ఆమె ఏడ్చుకుంట వచ్చింది. చాచా ఆటో ఖరాబైంది."

"ఆఁ," అన్నాను.

"మరి నీ ఆటో నాకెందుకు ఖరాబ్ గాలే?"

ఎవడేమన్నా తిరిగి అనడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఊళ్లో నాకున్న పేరే అది. ఆ రోజు నోటికంటే ముందు కాలు బ్రేకు మీదికి పోయింది. ఆటోను రోడ్డు పక్కకు తీసి ఆపేశాను.

"ఇప్పుడైంది అక్కా."

"అబద్ధం."

"అబద్ధమే. చాచాది గూడ అబద్ధమే గదా."

అద్దంలో చూశాను. కనుబొమ్మలు ఎగరేసింది. తర్వాత, అత్త తుడుచుకున్నట్టే, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి యాడికి పోదామని ఎక్కినవ్?" అని అడిగాను.

"నాకేం తెల్సు? మీరే ఎక్కించిన్రు. పాస్‌పోర్టు ఇంట్ల బియ్యం డబ్బల ఉన్నది. అలిగిన. అలిగినోళ్లు రోడ్డు మీదికి వస్తరు గదా, నేను గూడ వచ్చిన."

సంగతేమిటంటే, ఆమె పెద్ద ఆడబిడ్డ చూడటానికి వచ్చింది. కూర్చోమని కుర్చీ వైపు ఈమె మూతి చాపింది. ఆడబిడ్డ వచ్చిన కాళ్లతోనే లేచిపోయింది. అత్త గొడవ పెట్టింది. పెనిమిటి నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు కోపం వచ్చింది ఆడబిడ్డ మీద కాదు, అత్త మీదా కాదు. ఆ నేలచూపు మీద.

మా ఇల్లు అక్కడికి దగ్గరే. మా అమ్మ దగ్గరికి పోదాం పదమని హ్యాండిల్ గుంజాను. ఆటో స్టార్టు కాలేదు. మళ్లీ గుంజాను. ఈసారి నిజంగానే ఖరాబైంది. ఆమె దిగింది, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపింది, వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టింది. ఒక పెద్ద కారు మా పక్కన ఆగింది. లోపలి నుంచి టై కట్టుకున్నాయన అద్దం దించి, చాలా మర్యాదగా, "ఎయిర్‌పోర్ట్, మేడమ్?" అన్నాడు. నాకంటే బాగా పలికాడు.

ఆమె ఆటో మీది చెయ్యి తియ్యకుండానే తల తిప్పింది. "నీ పని నువ్వు చూస్కో. మంచిగ తిను, లేకుంటె సస్తవ్."

కారు చాలా వేగంగా వెళ్లిపోయింది.

మా అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఆమె గురించి నా నోట వినడమే గానీ అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆటోలో బ్యాగు చూసింది, చెప్పులు చూసింది, మొహం చూసింది.

"మొగనితోని కొట్లాడినవా?"

ఆమె కనుబొమ్మలు ఎగరేసింది.

"గవి తర్వాత ఎగరెయ్. ముందుగాల కాళ్లు కడుక్కో," అంది అమ్మ. "తిన్నవా? తినలే. మొఖం చూస్తె తెలుస్తలేదా? ఎంత కోపమొస్తె మాత్రం ఉత్త కడుపుతోని ఇల్లు దాటుతరా? బుద్ధుండాలె మనిషికి."

నాలుగు తిట్లు పడ్డాక ఆమె భుజాలు కిందికి దిగాయి. అన్నం పెడితే తిన్నది. తింటూ మొత్తం చెప్పింది. అమ్మ వింటూ ఇంకో గరిటె వేసింది.

పెనిమిటి సాయంత్రం, అమ్మ ఆమెకు రెండోసారి అన్నం పెట్టిన వేళకు, వచ్చాడు. ముందు చాచా మాట విని స్కూటరు మీద ఎయిర్‌పోర్టుకు పరుగెత్తాడట. టికెట్టు లేనిదే లోపలికి రానియ్యలేదు. గేటు బయట నిలబడి పోయే ప్రతి విమానాన్నీ చూసి, వెనక్కి వస్తూ మా ఇంటి ముందు చచ్చిపడి ఉన్న నా ఆటోను, అందులో ఆమె బ్యాగును చూశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"వచ్చినవా అల్లుడా," అంది అమ్మ. "గక్కడనే నిలవడు."

ఆయన బిత్తరపోయాడు. "మీరెవరమ్మా?"

"నీ అత్తను. నా బిడ్డ ఇంక తింటున్నది. తిన్నంక మాట్లాడుత."

ఆమె తొందరేమీ లేనట్టు మెల్లగా తిన్నది. అమ్మ చెయ్యి కడుక్కుని గడప దగ్గరికి వచ్చింది.

"మూతితోని చూపిస్తె తిప్పినట్టు గాదని నీకు తెల్సా, తెల్వదా?"

"తెల్సు."

"తెలిసి నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

ఆయన నేల చూడబోయి, ఈసారి చూడలేదు. "తప్పైంది," అన్నాడు. మా అమ్మతో కాదు, లోపల కూర్చున్న ఆమెతో.

"మీ అక్కకు పోయి చెప్పు," అంది అమ్మ. "మా ఇంట్ల మూతితోనే చూపిస్తరు, అది నా బిడ్డ తల్లిగారింటి అలవాటని చెప్పు. నమ్మకుంటె వచ్చి నన్నడుగుమను."

బయల్దేరబోతుంటే అమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టింది. పళ్లెంలో బియ్యం పోసి పసుపు కలిపింది. రెండు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, ఎవరో తనకు పెట్టిన జాకెట్టు ముక్క తీసుకొచ్చింది. మా దగ్గర ఆడపిల్ల తల్లిగారింటికి వస్తే ఒడిబియ్యం పోసి పంపుతారు. దానికి మంచిరోజు చూడాలి, చుట్టాలను పిలవాలి. అవన్నీ గుర్తుచేయబోతే అమ్మ నన్ను ఒక్క చూపు చూసింది.

"తల్లిగారింటి నుంచి ఉత్త ఒడితోని పంపుతరార?"

దోసిళ్లతో ఒడిలో బియ్యం పోస్తుంటే ఆమెకేమీ అర్థం కాలేదు. "ఇదేంది తమ్మి? మా ఇంట్ల బియ్యం ఉన్నయ్ గదా," అని నన్ను అడిగింది. నేనేదో జోకు వెతుక్కుంటున్నాను. గోడ వైపు తిరిగి నిలబడ్డ ఆమె పెనిమిటి, అలాగే నిలబడి, వాళ్లిద్దరూ గల్ఫ్‌లో మాట్లాడుకునే కలగాపులగం భాషలో నాలుగు ముక్కలు చెప్పాడు. ఆమె కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. స్కూటరు వెనక కూర్చుని కూడా చేతులు వదల్లేదు. పెనిమిటిని పట్టుకోవాలన్న సంగతే మర్చిపోయింది. మలుపు తిరిగేదాకా ఆమె పడుతుందేమోనని నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క గింజ కూడా పడలేదు.

ఆ రోజు నుంచి ఆయన నాకు బావ. బావను ఏమన్నా చెల్లుతుంది కాబట్టి నేనేమీ మిగల్చలేదు.

ఆ పెద్ద ఆడబిడ్డ నిజంగానే మా ఇంటికి వచ్చింది, ఏదో పెళ్లి పిలుపు వంక పెట్టుకుని. మా అమ్మ లేచి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని చేసింది. కుర్చీ వైపు మూతి చాపింది. సరిగా రాలేదు, పంటినొప్పి ఉన్న మనిషిలా కనిపించింది. నేను నవ్వాపుకోలేక ఆటో తుడవడానికి బయటికి పోయాను. ఆడబిడ్డ మాత్రం కూర్చుంది.

తర్వాతి ఏళ్లలో ఆమె అలిగి వచ్చింది తక్కువ, ఊరికే వచ్చింది ఎక్కువ. పులుసు గిన్నెతో వచ్చేది. మా అమ్మ కాళ్లకు నూనె రాసేది, ఆ గల్ఫ్ ముసలావిడకు రాసిన చేతులతో. నన్ను మాత్రం అత్త నేర్పిన మాటలన్నింటితో తిట్టేది. "కొట్లాడి వచ్చినవా అక్కా?" అని నేనడిగితే, "ఎందుకు, కొట్లాడకుంటె రానియ్యరా ఈ ఇంట్లకు?" అనేది. బస్‌స్టాపులో అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. కొత్త డ్రైవర్లు వస్తూనే ఉంటారు కదా. ఆమె ఇప్పుడు వాళ్ల మీద కోప్పడేది కాదు. తల్లిగారింటికి అని చెప్పి, పెదాలతో మా ఇంటి వైపు చూపించేది.

2014లో బావకు మళ్లీ గల్ఫ్‌లో పని దొరికింది. ఈసారి ఇద్దరూ పోయారు. నా ఆటోలోనే దింపాను. దారి పొడుగునా జోకులు వేస్తూనే ఉన్నాను, ఏమేం వేశానో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు ఉంది. అమ్మ ముఖం చూడాలంటే నాకు భయం వేసింది. భయమేస్తే నేను చేసేది ఒక్కటే.

"చూసినవా అమ్మా," అన్నాను. "ఇన్నేండ్లు కాదు కాదన్నది. ఆఖరికి ఎయిర్‌పోర్టుకే పోయింది నీ బిడ్డ."

అమ్మ గరిటె తిప్పడం ఆపలేదు.

"పోతె ఏమాయెర? అలిగి పోలే గదా."